విదేశీ వైద్య పట్టభద్రులు: స్వదేశంలో లైసెన్సుకు దారి

విదేశంలో వైద్యం చదివి పట్టా పుచ్చుకున్నంత మాత్రాన భారతదేశంలో ఎవరూ డాక్టరు కారు. రష్యాలోనో కిర్గిజ్‌స్తాన్‌లోనో ఆరేళ్లు చదివి వచ్చిన విద్యార్థి ఇక్కడ రోగిని చూడాలంటే ముందు స్క్రీనింగ్ పరీక్ష పాస్ కావాలి. తర్వాత రాష్ట్ర వైద్య మండలిలో తాత్కాలిక రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. ఇక్కడి బోధనాసుపత్రిలో హౌస్ సర్జన్‌గా పనిచేయాలి. అదంతా పూర్తయ్యాక శాశ్వత రిజిస్ట్రేషన్ వస్తుంది. అలా రిజిస్టరులోకి ఎక్కిన పేరుకే మందుల చీటీ రాసే హక్కు ఉంటుంది. ఈ మార్గంలోని మెట్లలో చాలావాటికి పునాది పడేది విదేశీ కళాశాలలో చేరేటప్పుడే. అక్కడ పొరపాటు జరిగితే పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చినా దిద్దుకోవడం కష్టం. ఈ సంగతి చాలా కుటుంబాలకు ఐదారేళ్లు గడిచాక, డబ్బంతా కట్టాక తెలుస్తోంది.

ఎందుకు వెళ్తున్నారు

వైద్య ప్రవేశ పరీక్ష నీట్‌కు ఏటా ఇరవై లక్షల మందికి పైగా దరఖాస్తు చేస్తున్నారు. దేశంలో ఎంబీబీఎస్ సీట్లు లక్ష దాటాయి గానీ అందులో ప్రభుత్వ కళాశాలలవి సుమారు సగం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కన్వీనర్ కోటాలో సీటు రాని విద్యార్థికి మిగిలేవి యాజమాన్య కోటా, ఎన్నారై కోటా. యాజమాన్య కోటాలో ఏడాది ఫీజే పది లక్షలు దాటుతుంది, ఎన్నారై కోటా అంతకంటే చాలా ఎక్కువ. అదే కజకిస్తాన్‌లోనో జార్జియాలోనో కోర్సంతా, హాస్టలు, భోజనంతో సహా ఇరవై నుంచి నలభై లక్షల్లో పూర్తవుతుందని కన్సల్టెన్సీలు లెక్క చెబుతాయి. లెక్క తప్పు కాదు. ఆ లెక్కలో స్క్రీనింగ్ కోచింగు, పరీక్ష పాసయ్యేదాకా గడిచే సంవత్సరాలు, ఆ కాలంలో రాని జీతం ఉండవు.

వెళ్లేవారిలో అధికభాగం మధ్యతరగతి, దిగువ మధ్యతరగతి పిల్లలు. పొలం అమ్మో ఇల్లు తాకట్టు పెట్టో పంపిన తల్లిదండ్రులు చాలామంది. రష్యా, చైనా, 2022 యుద్ధందాకా ఉక్రెయిన్, ఫిలిప్పీన్స్, కిర్గిజ్‌స్తాన్, కజకిస్తాన్, జార్జియా, ఉజ్బెకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్ ముఖ్యమైన గమ్యాలు. కరీబియన్ దీవుల్లోని కళాశాలలకూ కొందరు వెళ్తున్నారు. ఫిలిప్పీన్స్, కిర్గిజ్‌స్తాన్‌లలో తెలుగు విద్యార్థులు చెప్పుకోదగ్గ సంఖ్యలో కనిపిస్తారు.

సోవియట్ కాలం నుంచి స్క్రీనింగ్ దాకా

1960లో మాస్కోలో స్థాపించిన ప్రజామైత్రి విశ్వవిద్యాలయం, తర్వాత పాట్రిస్ లుముంబా పేరు పెట్టుకున్నది, ఆసియా, ఆఫ్రికా విద్యార్థులకు ఉచితంగా చదువు చెప్పింది. అప్పట్లో మన దేశం నుంచి వెళ్లినవారు తక్కువ. స్కాలర్‌షిప్ మీద ఎంపికై వెళ్లినవారు వాళ్లు. ముందు ఒక ఏడాది రష్యన్ భాష నేర్చుకుని ఆ భాషలోనే చదివేవారు, ఆ భాషలోనే రోగులతో మాట్లాడేవారు.

1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమయ్యాక పరిస్థితి మారింది. ప్రభుత్వ నిధులు ఎండిపోయిన విశ్వవిద్యాలయాలు విదేశీ విద్యార్థుల ఫీజులను ఆదాయవనరుగా చూశాయి. ఇంగ్లీషు మాధ్యమం విభాగాలు తెరిచాయి. మధ్యలో ఏజెంట్లు పుట్టుకొచ్చారు. భారత వైద్య మండలి చట్టం, 1956 ప్రకారం విదేశీ పట్టాల గుర్తింపు అప్పటిదాకా షెడ్యూళ్ల మీద ఆధారపడి ఉండేది. కళాశాలల సంఖ్య, విద్యార్థుల సంఖ్య ఇంతలా పెరిగేసరికి ప్రతి సంస్థనూ వెళ్లి తనిఖీ చేయడం మండలికి సాధ్యం కాలేదు. కొందరు ప్లస్ టూలో సైన్సు చదవకుండానే వైద్యంలో చేరారనీ, కొందరి కోర్సు కాలం చాలదనీ ఫిర్యాదులు వచ్చాయి. రిజిస్ట్రేషన్ నిరాకరించిన మండలికీ, పట్టాలు పట్టుకుని వచ్చిన యువకులకూ మధ్య న్యాయపోరాటం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2002 మార్చిలో, రష్యా నుంచి వచ్చిన భారతీయ వైద్యుల సంక్షేమ సంఘం కేసులో, కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను కోర్టు ఆమోదించింది.

ఈలోగా 2001లో పార్లమెంటు చట్టాన్ని సవరించి స్క్రీనింగ్ పరీక్షను తెచ్చింది. కళాశాలను తనిఖీ చేయలేకపోతే విద్యార్థినే పరీక్షించాలన్నది దాని వెనకున్న ఆలోచన. 2002లో నిబంధనలు వెలువడ్డాయి. 2002 మార్చి 15 తర్వాత రిజిస్ట్రేషన్ కోరే ప్రతి విదేశీ పట్టభద్రుడికీ పరీక్ష తప్పనిసరైంది. నిర్వహణ బాధ్యత జాతీయ పరీక్షల మండలికి అప్పగించారు. ఈ పరీక్ష రాజ్యాంగ విరుద్ధమన్న వాదనను సంజీవ్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. రోగుల ప్రాణాలతో ముడిపడిన వృత్తిలో కనీస ప్రమాణం కోరడం తప్పు కాదన్న ఆ వైఖరి సరైనదే. ఇంటి నుంచి ఎంత కష్టపడి పంపినా, వైద్యం చేసేవాడికి వైద్యం వచ్చా రాదా అన్న ప్రశ్న రోగి తరఫున ఎవరో ఒకరు అడగాల్సిందే.

చేరకముందే మొదలయ్యే అర్హత

2019లో జాతీయ వైద్య కమిషన్ చట్టం వచ్చింది. 2020 సెప్టెంబరు 25న పాత వైద్య మండలి స్థానంలో కమిషన్ కొలువుదీరింది. అది 2021 నవంబరు 18న ప్రకటించిన విదేశీ వైద్య పట్టభద్రుల లైసెన్షియేట్ నిబంధనలే ఇప్పుడు ఈ రంగానికి మూలపత్రం. ఆ తేదీకి ముందు చేరినవారికి పాత నిబంధనలు వర్తిస్తాయి, తర్వాత చేరినవారికి ఇవి.

విదేశంలో వైద్యం చదవాలన్నా నీట్ అర్హత ఉండాలన్న నియమం 2018లోనే వచ్చింది. దాన్ని సవాలు చేసిన పిటిషన్లను సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలో కొట్టేసింది. ఈ అర్హతకు పెద్ద ర్యాంకు అక్కరలేదు. 2025లో జనరల్ విభాగానికి 720 మార్కులకు 144 వస్తే చాలు. అందుకే నీట్ అర్హతను చదువు సామర్థ్యానికి హామీగా తీసుకోకూడదు. అది గుమ్మం మాత్రమే.

2021 నిబంధనలు కోరేవి ఇవీ. కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి. బోధన ఇంగ్లీషులో జరగాలి. ఆ 54 నెలల చదువూ, దాని తర్వాతి 12 నెలల ఇంటర్న్‌షిప్పూ ఒకే విదేశీ సంస్థలో పూర్తిచేయాలి. సగం ఒక దేశంలో, సగం మరో దేశంలో అంటే కుదరదు. అక్కడి ఇంటర్న్‌షిప్‌కు బదులు భారతదేశంలో చేస్తాననడం కూడా కుదరదు; ఇక్కడి హౌస్ సర్జన్సీ దానికి అదనం. చేరిన తేదీ నుంచి పదేళ్లలోపు కోర్సు ముగించాలి. మన ఎంబీబీఎస్‌లో ఉండే సబ్జెక్టులన్నీ, క్లినికల్ శిక్షణతో సహా, అక్కడా ఉండాలి. అన్నిటికంటే గట్టి షరతు ఇంకొకటి: చదువుకున్న దేశంలో ఆ దేశ పౌరులతో సమానంగా వైద్యం చేసేందుకు లైసెన్సు పొందే అర్హత అభ్యర్థికి ఉండాలి.

ఈ చివరి షరతు దగ్గరే చాలామంది చిక్కుకుంటారు. విదేశీ విద్యార్థులకు పట్టా ఇస్తాం గానీ మా దేశంలో డాక్టరుగా పనిచేసేందుకు లైసెన్సు ఇవ్వం అనే దేశాలు ఉన్నాయి. తమ పిల్లలకు చెప్పే చదువు ఒకటి, ఫీజు కట్టే విదేశీయులకు అమ్మే చదువు మరొకటిగా నడిపే సంస్థలు ఉన్నాయి. ఆ దేశం తన రోగుల దగ్గరకు రానివ్వని పట్టభద్రుణ్ణి మన రోగుల దగ్గరకు ఎందుకు రానివ్వాలన్నదే ఈ షరతు అడిగే ప్రశ్న. ఈ షరతులు తెచ్చే చిక్కుకు ఫిలిప్పీన్స్ మంచి ఉదాహరణ. అక్కడ వైద్యవిద్య ముందు బీఎస్, ఆ పైన నాలుగేళ్ల ఎండీ. నాలుగేళ్లంటే 48 నెలలే. 54 నెలల నిబంధన వచ్చినప్పుడు, లైసెన్సు నియమం కూడా తోడైనప్పుడు, అక్కడికి వెళ్లాలనుకున్న తెలుగు విద్యార్థుల్లో ఎంత ఆందోళన రేగిందో ఆ రోజుల్లో పేపర్లు చదివినవారికి గుర్తుంటుంది. ఈ నిబంధనలు చెల్లవంటూ వేసిన కేసులో, 2022 మేలో, అరవింత్ కేసుగా పేరుపడ్డ తీర్పులో సుప్రీంకోర్టు వాటిని సమర్థించింది.

ఇక్కడ ప్రతి తల్లీతండ్రీ తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఫలానా విదేశీ కళాశాలకు మా ఆమోదం ఉంది అని జాతీయ వైద్య కమిషన్ ఏ జాబితానూ ప్రకటించదు. కన్సల్టెన్సీ బోర్డుల మీద, కరపత్రాల మీద కనిపించే ‘ఎన్‌ఎంసీ గుర్తింపు పొందిన యూనివర్సిటీ’ అన్న మాటకు ఆధారం లేదు. ప్రపంచ వైద్య కళాశాలల డైరెక్టరీలో పేరున్నా అది మన గుర్తింపుతో సమానం కాదు. కమిషన్ చేసేదల్లా నియమాలు చెప్పడం, అవి పాటించని సంస్థలు కంటబడితే హెచ్చరించడం. 2025లో బెలీజ్‌లోని మూడు సంస్థల గురించి, ఉజ్బెకిస్తాన్‌లోని ఒక సంస్థ గురించి అలాంటి హెచ్చరికలు వచ్చాయి. హెచ్చరిక వచ్చేసరికే కొందరు అక్కడ చేరి ఉంటారు. కమిషన్ ఏటా దేశాలవారీగా లైసెన్సు నియమాలను పరిశీలించి, ఏ దేశంలో విదేశీయుడికి లైసెన్సు వస్తుందో ఏ దేశంలో రాదో స్పష్టంగా చెప్పడం దానికి అసాధ్యమైన పనేమీ కాదు. రాయబార కార్యాలయాలు ఉన్నది ఇందుకు కూడా.

పరీక్ష స్వరూపం

పూర్తి పేరు విదేశీ వైద్య పట్టభద్రుల పరీక్ష, వాడుకలో ఎఫ్‌ఎంజీఈ. ఇప్పటికీ దీన్ని పాత వైద్య మండలి పేరుతో ‘ఎంసీఐ పరీక్ష’ అనే పాతవాళ్లున్నారు. ఏడాదికి రెండుసార్లు, జూన్, డిసెంబరు విడతలుగా, కంప్యూటర్ మీద జరుగుతుంది. మొత్తం 300 ప్రశ్నలు, ఒక్కోదానికి ఒక మార్కు. ఒకే రోజు రెండు భాగాలు, భాగానికి 150 ప్రశ్నలు, 150 నిమిషాలు. తప్పు జవాబుకు మార్కు కోత లేదు. 150 మార్కులు వస్తే పాస్. ర్యాంకు లేదు, ఎన్నిసార్లు రాయాలన్న పరిమితి కూడా లేదు.

ప్రశ్నల పంపిణీ చూస్తే ఈ పరీక్ష ఏం కోరుతోందో తెలుస్తుంది. మొదటి ఏళ్లలో చదివే సబ్జెక్టులకు 100 మార్కులు: అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీలకు 17 చొప్పున, పాథాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీలకు 13 చొప్పున, ఫోరెన్సిక్ మెడిసిన్‌కు 10. మిగతా 200 క్లినికల్ సబ్జెక్టులకు. అందులో జనరల్ మెడిసిన్‌కు 33, సర్జరీకి 32, ప్రసూతి, స్త్రీ వైద్యానికి 30, కమ్యూనిటీ మెడిసిన్‌కు 30. పిల్లల వైద్యం, కళ్లు, చెవి ముక్కు గొంతు ఒక్కోదానికి 15. చర్మం, మానసిక వైద్యం, మత్తు, ఎముకలు, రేడియాలజీ వంటివి అయిదేసి.

కమ్యూనిటీ మెడిసిన్‌కు ఇచ్చిన 30 మార్కుల గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. మన క్షయ నివారణ కార్యక్రమం, పిల్లల టీకాల పట్టిక, ఆశా కార్యకర్తల పని, జననమరణాల గణాంకాలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఎంత జనాభాకు ఒకటి ఉండాలి, ఇవన్నీ ఆ సబ్జెక్టులోవి. బిష్కెక్‌లోనో టిబిలిసిలోనో ఇవి చెప్పేవారు ఉండరు. చెప్పాల్సిన అవసరం వారికి లేదు. ఫోరెన్సిక్‌లో మన చట్టాల ప్రశ్నలు, మెడిసిన్‌లో పాముకాటు, పురుగుమందు తాగినవారి చికిత్స, డెంగీ, మలేరియా వస్తాయి. చలిదేశపు ఆసుపత్రిలో నాగుపాము కాటు కేసు ఆరేళ్లలో ఒక్కటీ కనబడకపోవచ్చు. కానీ గుంటూరు జిల్లాలోనో మహబూబ్‌నగర్ జిల్లాలోనో పనిచేసే డాక్టరుకు మొదటి వానాకాలంలోనే అలాంటి కేసు ఎదురవుతుంది. అందువల్ల పరీక్ష ఈ ప్రశ్నలు అడగడం న్యాయమే. వాటికి సిద్ధం కాకుండా వచ్చినవాడు మాత్రం ఇక్కడ మళ్లీ మొదటి నుంచి చదవాల్సి వస్తుంది. ఢిల్లీలో ఎయిమ్స్ పక్కనున్న గౌతమ్ నగర్, హైదరాబాద్‌లోని కోచింగ్ కేంద్రాలు నిలబడింది ఈ లోటు మీదే.

ఎంతమంది పాసవుతున్నారు

ఈ పరీక్ష పేరు వినగానే అందరికీ గుర్తొచ్చేది తక్కువ ఉత్తీర్ణత. 2015 నుంచి 2018 దాకా నాలుగేళ్లలో 61 వేలకు పైగా అభ్యర్థులు రాస్తే పాసైనవారు సుమారు 14 శాతం. 2023 జూన్ విడతలో పది శాతం దగ్గరే ఆగింది. 2024 డిసెంబరులో దాదాపు 30 శాతానికి పెరిగి, 2025 జూన్‌లో మళ్లీ 18 శాతానికి పడింది. ఒకే అభ్యర్థి నాలుగైదుసార్లు రాస్తే ప్రతిసారీ లెక్కలోకి వస్తాడు కాబట్టి, ఈ అంకెలను బట్టి నూటికి ఎనభై మంది ఎప్పటికీ డాక్టర్లు కాలేరని అనుకోవడం పొరపాటు. పట్టుదలగా రాసి మూడోసారో ఐదోసారో గట్టెక్కేవారు ఎక్కువే ఉంటారు. కానీ ఆ మూడో సారికీ ఐదో సారికీ మధ్య గడిచే యవ్వనం, ఇంట్లో పెరిగే వడ్డీ ఎవరి లెక్కలోనూ రావు.

దేశాలవారీగా చూస్తే తేడా బాగా కనిపిస్తుంది. 2015-2018 మధ్య నాలుగేళ్లలో మారిషస్‌లో చదివినవారిలో సగం మంది పాసయ్యారు, రాసినవారి సంఖ్య చిన్నదే అయినా. బంగ్లాదేశ్‌లో చదివినవారిలో నాలుగో వంతుకు మించి, నేపాల్ వారిలో పదిహేడు శాతానికి పైగా పాసయ్యారు. చైనా, కిర్గిజ్‌స్తాన్‌లలో చదివినవారు పన్నెండు శాతం కూడా దాటలేదు. చైనాలో చదివి 2015-2021 మధ్య ఈ పరీక్ష రాసిన 40,417 మందిలో 6,387 మందే పాసయ్యారని బీజింగ్‌లోని మన రాయబార కార్యాలయమే 2022 సెప్టెంబరులో విద్యార్థులకు సూచన జారీ చేస్తూ చెప్పింది.

ఈ తేడాకు కారణం విద్యార్థుల తెలివిలో లేదు. ఢాకాలో, ఖాట్మండులో పాఠ్యక్రమం మనదానికి దగ్గర, పాఠ్యపుస్తకాలు చాలావరకు మనవే, జబ్బులు మనవే. రోగి మాట కొన్నాళ్లకైనా అర్థమవుతుంది. రష్యన్, చైనీస్, కిర్గిజ్ మాట్లాడే రోగి ముందు నిలబడ్డ ఇంగ్లీషు మాధ్యమం విద్యార్థి పరిస్థితి వేరు. తరగతిలో ఇంగ్లీషు, వార్డులో మరో భాష. రోగి చెప్పే బాధ తెలియకపోతే కేసు హిస్టరీ రాయడం ఎలా వస్తుంది? కొన్ని చోట్ల విద్యార్థులు వార్డులో గుంపుగా నిలబడి చూడటంతోనే క్లినికల్ శిక్షణ అయిపోతుంది. వైద్యంలో రోగుల పక్కన కూర్చుని నేర్చుకోవాల్సింది, చూసి వెళ్లిపోతే రాదు. భాష నేర్చుకుని, సెలవుల్లో ఇక్కడి ఆసుపత్రుల్లో సీనియర్ల దగ్గర కూర్చుని, మొదటి ఏడాది నుంచే భారతీయ పాఠ్యపుస్తకాలు చదివిన విద్యార్థులు ఏ దేశం నుంచి వచ్చినా పాసవుతున్నారు.

మినహాయింపులూ ఉన్నాయి. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో డిగ్రీ, పీజీ చేసి అక్కడ వైద్యుడిగా గుర్తింపు పొందినవారు స్క్రీనింగ్ పరీక్ష రాయనక్కరలేదు. విదేశీ పట్టభద్రులను పరీక్షించడం మన దేశం ఒక్కటే చేసే పని కాదు. తెలుగు వైద్యులు పెద్దసంఖ్యలో స్థిరపడిన అమెరికాలో యూఎస్‌ఎంఎల్‌ఈ ఉంది, బ్రిటన్‌లో ప్లాబ్ ఉంది. ఉస్మానియాలోనో ఆంధ్ర వైద్య కళాశాలలోనో బంగారు పతకం తెచ్చుకున్నవారు కూడా అక్కడ ఆ పరీక్షలు రాసే లోపలికి వెళ్లారు.

రిజిస్ట్రేషన్, హౌస్ సర్జన్సీ

పరీక్ష పాసయ్యాక ధ్రువపత్రం కోసం అభ్యర్థి ముఖ గుర్తింపు, ఒరిజినల్ పత్రాల తనిఖీకి స్వయంగా హాజరు కావాలి. విదేశీ పట్టా మీద భారత రాయబార కార్యాలయం ధ్రువీకరణో, అపోస్టిల్ ముద్రో తప్పనిసరి. ఆ తర్వాత స్థానిక వైద్య మండలి. మన రాష్ట్రాల్లో విజయవాడలోని ఆంధ్రప్రదేశ్ వైద్య మండలి, హైదరాబాద్‌లోని తెలంగాణ వైద్య మండలి. అక్కడ తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇస్తారు. అది హౌస్ సర్జన్‌గా పనిచేసేందుకే చెల్లుతుంది. సొంతంగా క్లినిక్ పెట్టుకునేందుకు చెల్లదు.

హౌస్ సర్జన్సీ కాలం పన్నెండు నెలలు. మెడిసిన్, సర్జరీ, ప్రసూతి, పిల్లల వార్డులతోపాటు కమ్యూనిటీ మెడిసిన్ కింద ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనూ పనిచేయాలి. విదేశంలో దొరకని అనుభవం దొరికేది ఇక్కడే. తెలుగులో రోగితో మాట్లాడుతూ, తెలుగులోనే మందు ఎలా వేసుకోవాలో చెబుతూ నేర్చుకునే ఏడాది ఇది. కానీ సీట్లు తక్కువ. 2021 ఇంటర్న్‌షిప్ నిబంధనల ప్రకారం ఒక కళాశాలలోని ఇంటర్న్ సీట్లలో విదేశీ పట్టభద్రులకు 7.5 శాతానికి మించి ఇవ్వకూడదు. పాసైనవారి సంఖ్య పెరిగినప్పుడల్లా నెలల తరబడి నిరీక్షణ తప్పడం లేదు. స్టైపెండు ఇక్కడి ఎంబీబీఎస్ ఇంటర్న్‌లతో సమానంగా ఇవ్వాలన్నది నియమం. విదేశీ పట్టభద్రులను ఈ విషయంలో వేరుగా చూడకూడదని సుప్రీంకోర్టు కూడా 2024లో చెప్పింది. పరీక్ష పాసై, ఒకే వార్డులో ఒకే రాత్రి డ్యూటీ చేస్తున్న ఇద్దరిలో ఒకరికి డబ్బిచ్చి ఒకరికి ఇవ్వకపోవడాన్ని ఏ వాదనా సమర్థించలేదు.

ఇంటర్న్‌షిప్ ముగిశాక శాశ్వత రిజిస్ట్రేషన్. అప్పటినుంచి విదేశీ పట్టభద్రుడికీ ఇక్కడి ఎంబీబీఎస్‌కూ చట్టం దృష్టిలో తేడా లేదు. నీట్ పీజీ రాయవచ్చు, ప్రభుత్వోద్యోగానికి దరఖాస్తు చేయవచ్చు. రష్యా, జార్జియా వంటి దేశాల్లో మొదటి వైద్య డిగ్రీనే ‘ఎండీ’ అంటారు. మన దగ్గర అది ఎంబీబీఎస్‌కే సమానం. పీజీ చేసిన ఎండీ అన్న భ్రమ కలిగేలా బోర్డు మీద రాసుకోవడం రోగిని తప్పుదారి పట్టించడమే.

మహమ్మారి, యుద్ధం

2020 మొదట్లో కరోనా మూలంగా చైనా నుంచి వేలాదిమంది విద్యార్థులు సెలవులకని వచ్చి ఇక్కడే ఉండిపోయారు. చైనా వీసాలు ఆపేసింది, 2022 ఆగస్టులో గానీ మళ్లీ మొదలుపెట్టలేదు. అప్పటిదాకా పాఠాలు సెల్‌ఫోన్ తెరల మీదే. అనాటమీ శవచ్ఛేదం, ప్రసవాలు, శస్త్రచికిత్సలు తెర మీద నేర్చుకునేవి కావు. 2022 ఏప్రిల్‌లో ఇలాంటి విద్యార్థుల కేసులో సుప్రీంకోర్టు, ప్రాక్టికల్ శిక్షణ లేని పట్టాకు రిజిస్ట్రేషన్ ఇమ్మని కమిషన్‌ను బలవంతపెట్టలేమంటూనే, ఒకసారికి వర్తించే పథకం రూపొందించమని ఆదేశించింది. ఆ మేరకు 2022 జులై 28న కమిషన్ ప్రకటన వచ్చింది. చివరి ఏడాదిలో స్వదేశానికి వచ్చి, ఆ ఏడాది జూన్ 30లోపు పట్టా పొందినవారు స్క్రీనింగ్ రాయవచ్చు గానీ, ఒక ఏడాదికి బదులు రెండేళ్లు హౌస్ సర్జన్సీ చేయాలి. తర్వాతి ప్రకటనల్లో చివరి ఏడాదికి ముందు ఏడాదిలో చదువు తెగినవారికి మూడేళ్లు అన్నారు.

ఇంతలో 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైంది. ‘ఆపరేషన్ గంగ’ పేరుతో కేంద్రం విద్యార్థులను పోలండ్, రుమేనియా, హంగరీ మీదుగా విమానాల్లో తీసుకొచ్చింది. వారిలో తెలుగువారు వందల సంఖ్యలో ఉన్నారు. ఆ ఏడాది మార్చిలో తెలంగాణ ముఖ్యమంత్రిగా ఉన్న కె. చంద్రశేఖరరావు, ఉక్రెయిన్ నుంచి తిరిగొచ్చిన తమ విద్యార్థుల చదువు ఖర్చు ప్రభుత్వం భరిస్తుందని శాసనసభలో ప్రకటించారు. డబ్బుంటే సరిపోలేదు. విదేశీ కళాశాలల విద్యార్థులను మధ్యలో మన కళాశాలల్లో చేర్చుకునే వీలు చట్టంలో లేదని కేంద్రం తేల్చింది. ఆ సెప్టెంబరులో ఇతర దేశాల విశ్వవిద్యాలయాల్లో చదువు కొనసాగించే వెసులుబాటుకు కమిషన్ ఒప్పుకుంది. 2023 మార్చిలో, చివరి ఏడాదికి చేరుకున్నవారికి ఒక్క అవకాశం ఇస్తామని కేంద్రం సుప్రీంకోర్టుకు తెలిపింది. మన కళాశాలలో చేరకుండానే ఎంబీబీఎస్ చివరి ఏడాది రెండు భాగాల పరీక్షలు, థియరీ, ప్రాక్టికల్, పాసై, ఆపైన రెండేళ్లు ఇంటర్న్‌షిప్ చేయాలన్నది ఆ ఏర్పాటు.

ఈ సందర్భంలో కమిషన్ మీద వచ్చిన విమర్శ, నియమాలు మళ్లీ మళ్లీ మార్చిందన్నది. ఒక ప్రకటనను ఒక రాష్ట్ర మండలి ఒకలా, మరో రాష్ట్ర మండలి ఇంకోలా అన్వయించాయి. ఎవరికి ఏడాది, ఎవరికి రెండేళ్లు, ఎవరికి మూడేళ్లు అన్నది తేలక శాశ్వత రిజిస్ట్రేషన్లు ఆగిపోయాయి. 2025లో విజయవాడలో ఈ పట్టభద్రులు రోడ్డెక్కి ఆందోళన చేశారు. ప్రమాణాల విషయంలో కమిషన్ కఠినంగా ఉండటాన్ని తప్పుపట్టలేం. పరీక్ష పాసైన తర్వాత కూడా నియమం ఏమిటో చెప్పకుండా యువతను నెలలు, ఏళ్లు నిలబెట్టడం మాత్రం కఠినత్వం కాదు, నిర్లక్ష్యం.

దొడ్డిదారి

స్క్రీనింగ్ గట్టెక్కలేని కొందరు ప్రైవేటు ఆసుపత్రుల్లో రాత్రిపూట డ్యూటీ డాక్టర్లుగా తక్కువ జీతానికి చేరతారు. తెలిసీ పెట్టుకునే యాజమాన్యాలు ఉన్నాయి. జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, లేదా ఐదు లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇంతకంటే పెద్ద ప్రమాదం రిజిస్టరులోనే తప్పుడు పేర్లు చేరడం. పరీక్ష పాసవకుండానే వివిధ రాష్ట్రాల మండళ్లలో రిజిస్ట్రేషన్ పొందారన్న ఆరోపణతో 73 మంది విదేశీ పట్టభద్రుల మీద 2022 డిసెంబరులో సీబీఐ కేసు పెట్టి, దేశవ్యాప్తంగా 91 చోట్ల సోదాలు చేసింది. కష్టపడి పాసైన వేలాదిమందిని కూడా జనం అనుమానంగా చూసేలా చేసిన వ్యవహారమిది.

రాబోయే నెక్స్ట్

2019 చట్టం 15వ సెక్షన్ ‘నేషనల్ ఎగ్జిట్ టెస్ట్’ (నెక్స్ట్)ను ప్రతిపాదించింది. ఇక్కడి ఎంబీబీఎస్ చివరి ఏడాది విద్యార్థులు, విదేశాల నుంచి వచ్చినవారు, ఇద్దరూ ఒకే పరీక్ష రాయాలి. మొదటి మెట్టు రాతపరీక్ష, రెండోది ప్రాక్టికల్. పీజీ ప్రవేశాలకూ అదే ఆధారం. నిబంధనలు 2023 జూన్‌లో వెలువడ్డాయి, జులై 28న ఢిల్లీ ఎయిమ్స్ ఆధ్వర్యంలో నమూనా పరీక్ష జరపాలనుకుని వాయిదా వేశారు. అది అమల్లోకి వచ్చేదాకా ఎఫ్‌ఎంజీఈ సాగుతుంది. విదేశీ పట్టభద్రులు ఎప్పటి నుంచో అడుగుతున్న సమానత్వం ఈ పరీక్షతో వస్తుంది, దాని కొత్త తేదీ కోసం ఎదురుచూస్తున్నవారిలో వారే ముందున్నారు.

సీటు తీసుకునే ముందు

కన్సల్టెన్సీకి అడ్వాన్సు కట్టే ముందు ఐదు సంగతులు ఆ విశ్వవిద్యాలయం నుంచే, దాని లెటర్‌హెడ్ మీద, రాతపూర్వకంగా తెప్పించుకోండి. కోర్సు 54 నెలలకు తక్కువ కాదా? 12 నెలల ఇంటర్న్‌షిప్ అదే సంస్థలో ఉందా? బోధన మొదటి నుంచి చివరిదాకా ఇంగ్లీషులోనేనా? విద్యార్థులు ఏ ఆసుపత్రిలో, ఎన్ని పడకల మధ్య క్లినికల్ శిక్షణ పొందుతారు? ఆ దేశంలో విదేశీ పట్టభద్రుడికి డాక్టరుగా లైసెన్సు ఇస్తారా, ఇస్తే దానికి ఏ పరీక్ష రాయాలి? చివరి ప్రశ్నకు సమాధానం ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయాన్ని కూడా అడగండి. సమాధానం రాకపోతే ఆ సీటు వద్దనుకోండి.